మద్రాసు రేస్ ట్రాక్: షోలవరం, ఇరుంగాట్టుకోట్టై రెండూ ఒకటేనా? లేఔట్ తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నా_పిస్టన్:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. బీటెక్ మెకానికల్ చదువుతున్నాను. మా కాలేజీలో ఈ ఏడాది ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే రేసు కారు కట్టి పోటీపడేది) టీమ్ పెట్టాం, అందులో సస్పెన్షన్ పని నాకు వచ్చింది. ఇన్నాళ్లూ రేసులన్నీ ఫోన్లోనే చూశాను. కంచె పక్కన నిలబడి ఒక కారు నిజంగా మలుపు ఎలా తిరుగుతుందో చూడాలని ఉంది. మాకు దగ్గరంటే మద్రాసే కదా, అక్కడ జాతీయ ఛాంపియన్‌షిప్ రౌండ్ ఒకటి చూసొద్దామని అనుకుంటున్నాం.

మా తాతయ్య దగ్గర రేసుల మాటెత్తితే షోలవరం అంటాడు. కలకత్తా రోడ్డు మీద, రెడ్‌హిల్స్ రాకముందే ఉండేదట. మ్యాపులో చూస్తే ట్రాక్ బెంగళూరు రోడ్డు మీద ఇరుంగాట్టుకోట్టై దగ్గర కనిపిస్తోంది. ఒకటి ఊరికి ఉత్తరాన, ఇంకొకటి పడమర. అదే ట్రాక్ ఇక్కడికి మారిందా, లేక రెండూ వేర్వేరా?

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగిన ట్రాక్ మ్యాపు, ఈ మద్రాసు ట్రాక్ మ్యాపు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి కుదించినట్టు, ఒకటి సాగదీసినట్టు ఉన్నాయి. ఎందుకలా? మద్రాసు ట్రాక్‌లో సస్పెన్షన్ నేర్చుకునేవాడు ఎక్కడ నిలబడాలి? తెలిసిన అన్నలు, అక్కలు చెప్పండి.

పసుపు_జెండా:

తమ్ముడూ, రెండూ వేర్వేరు. నడిపింది మాత్రం ఒకే క్లబ్బు, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. 1953లో మొదలైంది. నాది తిరుపతి, ఉద్యోగం శ్రీపెరంబుదూరు దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో. రేసులున్న శని, ఆదివారాల్లో ఇరుంగాట్టుకోట్టైలో మార్షల్‌గా, అంటే జెండాలు చూపి ట్రాక్ భద్రత చూసేవాడిగా నిలబడతాను. జీతం కోసం చేసే పని కాదు ఇది. ఆ ట్రాక్ అంటే ఇష్టం, అందుకని వెళ్తాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు షోలవరం. అది రేసుల కోసం కట్టింది కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. యుద్ధం అయిపోయాక అలాంటి రన్‌వేలు చాలాచోట్ల ఖాళీగా మిగిలిపోయాయి. మోటారు పిచ్చి ఉన్నవాళ్లకు కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి: వెడల్పు, చదును, గట్టి నేల, చుట్టూ ఇళ్లు లేకపోవడం. ఇంగ్లండులో 1948లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి నడిచిన సిల్వర్‌స్టోన్ కూడా యుద్ధకాలపు విమానాశ్రయమే. మన దేశంలో బొంబాయి వాళ్లు జుహూలో, కలకత్తా వాళ్లు బ్యారక్‌పూర్‌లో ఇలాగే రన్‌వేల మీద పరిగెత్తించారు. మద్రాసుకు షోలవరం దొరికింది.

ఇప్పుడు లేఔట్ సంగతి ఆలోచించు. రన్‌వే మీద ట్రాక్ గీస్తే ఏం వస్తుంది? షోలవరం రన్‌వేలు టీ అక్షరం ఆకారంలో ఉండేవి. పొడవాటి తిన్నని దారి, చివర గట్టిగా తిప్పాల్సిన మలుపు, మళ్లీ తిన్నని దారి. అలాంటి చోట ఇంజన్ బలం ఉన్నవాడికి, బ్రేకుల మీద గుండె ధైర్యం ఉన్నవాడికి లాభం. అందుకే ఆ రోజుల్లో డబ్బున్నవాళ్లు విదేశాల నుంచి పెద్ద పెద్ద కార్లు తెప్పించుకున్నారు. గోండల్ రాజకుటుంబం వాళ్లు అక్కడ పోటీపడ్డారు. విజయ్ మాల్యా 1980ల్లో ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారు నడిపాడు. కోయంబత్తూరు కరివర్ధన్ మాత్రం తన కార్లు తానే కట్టుకున్నాడు. నా దృష్టిలో ఆ కాలంలో అందరికంటే పెద్ద మనిషి ఆయనే. ఎందుకో కింద చెప్తాను.

రన్‌వేతో చిక్కేమిటంటే, అది పరాయి నేల. ఏటా పోటీలకు ముందు కంచెలు, గడ్డి మోపులు, టైమింగ్ అన్నీ తెచ్చి పేర్చాలి, అయ్యాక తీసెయ్యాలి. ఏడాదికోసారి జరిగే తిరునాళ్ల కింద ఉంటుంది తప్ప, కుర్రాడు నెలనెలా వచ్చి ప్రాక్టీస్ చేసుకునే చోటు కాదు. జనం విపరీతంగా వచ్చేవాళ్లు, వాళ్లకూ కార్లకూ మధ్య దూరం తక్కువ. అందుకే క్లబ్బు సొంత స్థలం చూసుకుంది. 1980ల చివర్లో ఇరుంగాట్టుకోట్టైలో పని మొదలై, 1990లో ట్రాక్ తెరుచుకుంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు గానీ పక్కన హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టలేదు. ఇవాళ ఆ దారంతా కంటైనర్ లారీలు, ఫ్యాక్టరీ గోడలు. వాటికన్నా ముందు అక్కడికి వచ్చింది రేస్ ట్రాకే. చాలాకాలం మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్ అన్నారు, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు పెట్టారు. పాతవాళ్లం ఎం.ఎం.ఆర్.టి. అనే అంటాం.

పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. కార్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. మలుపులకు సి1, సి2 అని వరుసగా సి12 దాకా పేర్లు. రేడియోలో కంట్రోల్ రూముతో మాట్లాడేటప్పుడూ అంతే, "సి4లో కారు ఆగింది" అంటే ఏ మూల ఉన్నవాడికైనా అర్థమైపోవాలి. నువ్వు రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టుకున్నావు కదా, ఒక చిన్న లెక్క వెయ్యి. మద్రాసులో పొడవును మలుపులతో భాగిస్తే సగటున 310 మీటర్లకు ఒక మలుపు. హైదరాబాద్ ట్రాక్ 2.835 కిలోమీటర్లు, 18 మలుపులు, అంటే 158 మీటర్లకే ఒకటి. ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు, సగటు 320. మద్రాసు చిన్నదైనా సగటులో బుద్ధ్ సరసన నిలుస్తుంది. ఖాళీ నేల మీద గీసిన ట్రాక్‌కి, ఉన్న రోడ్ల మధ్య ఇరికించిన ట్రాక్‌కి తేడా ఆ ఒక్క అంకెలో కనిపిస్తుంది.

ఖాళీ నేల ఉంటే గీసేవాడి చేతిలో మూడు వస్తాయి. మలుపు వ్యాసార్థం తనిష్టం. ఒక మలుపు నుంచి బయటపడ్డ కారు తర్వాతి మలుపులోకి ఏ కోణంలో వెళ్తుందో అదీ తనిష్టం. దారి తప్పినవాడికి పక్కన ఎంత చోటు వదలాలో కూడా తనే తేల్చుకోవచ్చు. షోలవరంలో మలుపులు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండేవి. ఇరుంగాట్టుకోట్టైలో ఒక మలుపులో చేసిన పొరపాటు తర్వాతి రెండింటిలోనూ వెంటాడుతుంది. డ్రైవరు తయారయ్యేది అక్కడే.

ఇప్పుడు కరివర్ధన్ సంగతి. రేసింగంటే బాగా డబ్బున్నవాళ్ల ఆటగా ఉన్న రోజుల్లో, ఆయన మారుతి 800 ఇంజన్ పెట్టి ఒంటి సీటు రేసు కారు కట్టించాడు. ఫార్ములా మారుతి. దొరికే ఇంజన్, దొరికే విడిభాగాలు, అందరికీ ఒకేరకం కారు. గెలుపు కొనేవాడిది కాకుండా నడిపేవాడిది అయింది. నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు ఆ ఫార్ములా మారుతిలోనే, ఈ ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదే. 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో వెళ్లిన కరుణ్ చందోక్ మద్రాసు కుర్రాడే, తనూ ఫార్ములా మారుతి నుంచి వచ్చినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కార్తికేయన్ ఫార్ములా వన్‌కి వెళ్లడం ఆయన చూడలేదు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో తెరిచిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే. మీ కాలేజీ టీమ్ ఫార్ములా భారత్ (మన దేశంలో కాలేజీ జట్ల పోటీ)కి వెళ్తే మీరు కారు దింపేది అక్కడే. ఆ పేరు ఎవరిదో తెలుసుకుని వెళ్లండి.

విదేశాల వాళ్లూ ఇక్కడికి వచ్చారు. ఎం.ఆర్.ఎఫ్. ఛాలెంజ్ అనే ఫార్ములా కార్ల పోటీలో భాగంగా మిక్ షూమాకర్ (మైకేల్ షూమాకర్ కొడుకు) కుర్రతనంలో ఈ ట్రాక్ మీద నడిపాడు. అలాంటి వారాంతంలో స్థానిక కుర్రాళ్లకు దొరికే లాభం చాలా పెద్దది. ఒకే మలుపులో ఎవరు ఎక్కడ బ్రేక్ పట్టారో మన కళ్లతో పోల్చుకోవచ్చు.

ఒక్క మాట బరువుగా చెప్పాల్సి ఉంది. 2023లో ఈ ట్రాక్ మీద రెండు మరణాలు జరిగాయి. జనవరిలో కార్ల రేసులో 59 ఏళ్ల సీనియర్ డ్రైవరు, ఆగస్టులో బైకుల రేసులో 13 ఏళ్ల పిల్లవాడు. మార్షల్ పని చేసేవాళ్లెవరం ఆ ఏడాదిని తేలిగ్గా తలుచుకోలేం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ వయసు పిల్లలకు ఇంత వెడల్పు, ఇంత వేగం ఉన్న పెద్ద ట్రాక్ వద్దు. చిన్న ట్రాకుల మీద, చిన్న వేగాల దగ్గర, పక్కపక్కన గుంపుగా వెళ్లే మెళకువ ముందు నేర్పాలి. బైకు మీంచి పడ్డవాడికి మొదటి ప్రమాదం గోడ కాదు, వెనకాలే వచ్చే ఇంకో బైకు. రన్-ఆఫ్ (దారి తప్పినవాడికి పక్కన వదిలే చోటు) ఎంత పెంచినా ఆ ప్రమాదాన్ని ఆపలేదు.

గూడూరు_జావా:

అబ్బయ్యా, మీ తాత చెప్పింది నిజం. నాది గూడూరు. షోలవరం రేసులకి మా మేనమామ నన్ను వెంటబెట్టుకొని పొయ్యేవాడు. ఆయన లారీ మెకానిక్. ఫిబ్రవరిలో జరిగేవి. మాకు సంక్రాంతి అయిపోయిందంటే ఇంక ఆ ఆదివారం కోసమే ఎదురుచూపు. మద్రాసు బస్సెక్కి దోవలోనే దిగేసేవాళ్లం, ఊళ్లోకి పొయ్యే పనే లేదు.

ఇప్పటి పిల్లోళ్లకి చెప్తే నమ్మరు గానీ, మాకు కార్లకంటే బైకుల మీదే మనసు. కార్లంటే మేం కొనేవి కాదు. జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మా ఊరి వీధిలో తిరిగేవే అక్కడా తిరుగుతుంటే ఒళ్లు పులకరించేది. తర్వాత్తర్వాత యమహా ఆర్‌డీ 350 వచ్చినాక దాని మోత వేరు. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్, ఆముదం కాలిన వాసన. అది కనపడకముందే వినపడేది. మా మామ కళ్లు మూసుకొని మోత బట్టి చెప్పేవాడు, ఇప్పుడు మూడో గేరు, ఇప్పుడు యాక్సిలరేటరు మూసేశాడు, వీడు ముందే వదిలేశాడు రా అని. నాకు ఇంజన్ వినడం నేర్పింది ఆయనే.

లేఔట్ అంటే మాకు కాగితం మీద తెలియదు. మలుపు దగ్గర నిలబడే వాళ్లం. తిన్నగా వచ్చేటప్పుడు అన్నీ ఒకే రకంగా కనపడేవి. మలుపు వచ్చేసరికి ఎవడు పనోడో తెలిసిపొయ్యేది. రన్‌వే నేల కదా, ఎంత వెడల్పంటే నలుగురు నాలుగు దోవల్లో మలుపులోకి దిగేవాళ్లు. బయటి నుంచి వచ్చినోడు లోపలికి కోసుకుంటా పోతే, లోపల నుంచి పోయినోడు బయటికి జారిపొయ్యేవాడు. ఇది చూసి చూసి నేను నా జావా మీద కోట రోడ్డు మలుపుల్లో నిదానంగా పొయ్యి తొందరగా బయటపడడం అలవాటు చేసుకున్నా.

దుమ్ము, ఎండ, జనం తోపులాట అన్నీ ఉండేవి. నీళ్లు కూడా మోసుకుపోవాల్సిందే. ఇప్పుడు ఆ దోవన పోతుంటే రేసుల గుర్తులేవీ రోడ్డు మీద నుంచి కనపడవు. మీ తాతని తీసకపో అబ్బయ్యా ఇరుంగాట్టుకోట్టైకి. ఆయనకి ఆ మోత ఒక్కటి వినిపిస్తే చాలు.

పెన్నా_పిస్టన్:

పసుపు జెండా అన్నా, పెద్దాయనా, చాలా థ్యాంక్స్. గూడూరు సార్ రాసింది తాతయ్యకి చదివి వినిపించాను. ఆర్‌డీ 350 దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. ఖచ్చితంగా తీసుకెళ్తాను.

ఒక సందేహం. హైదరాబాద్‌లో 158 మీటర్లకో మలుపు అంటే అసలు ఓవర్‌టేక్ చేయడానికి చోటెక్కడ? అక్కడ రేసు చూసినవాళ్లెవరైనా ఉన్నారా? అలాగే మార్షల్ అన్నా, జెండాల పని ఎలా ఉంటుందో కూడా కొంచెం చెప్పండి.

సాగర్_గట్టు:

నేను చూశాను తమ్ముడూ. హైదరాబాద్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తాను, అందుకే ఆ రేసు నాకు డబుల్ ఇష్టం.

2023 ఫిబ్రవరి 11, శనివారం. 2013లో ఇండియన్ గ్రాండ్ ప్రి ఆగిపోయాక మన దేశంలో జరిగిన మొదటి ఎఫ్.ఐ.ఏ. (ప్రపంచ మోటారు క్రీడల సమాఖ్య) ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు అదే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, లుంబినీ పార్కు, మింట్ కాంపౌండ్, ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ చుట్టూ ఉన్న రోడ్లనే కాంక్రీటు గోడలు పెట్టి ట్రాక్ చేశారు. కొత్త సచివాలయం ఇంకా ప్రారంభం కాలేదు, అది ఏప్రిల్ 30న అయింది. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో గోడలు లేచి, వైరు కంచెలు కట్టి, రోడ్డు మీద కెర్బులకు (మలుపు అంచున ఉండే గట్లకు) రంగులు వేస్తుంటే, రోజూ చూసే రోడ్డే కొత్తగా అనిపించింది. ఊళ్లో రోడ్డంటే ఆఖరి గంట దాకా జనానిదే. శుక్రవారం ప్రాక్టీసుకు ముందు మామూలు బండ్లు ట్రాక్ మీదికి వచ్చేసి ఆలస్యం కూడా అయింది.

ఓవర్‌టేక్ ఎక్కడ అన్నావు. సమాధానం మూడో మలుపు. సగటు 158 అన్నది నిజమే గానీ మలుపులు సమానంగా పంచి లేవు. కొన్నిచోట్ల వరసగా కుడి ఎడమలు గుచ్చి ఉన్నాయి, అలా మిగిల్చిన పొడవంతా ఒక తిన్నని దారికి ఇచ్చారు. దాని చివర మూడో మలుపు హెయిర్‌పిన్, దాదాపు వెనక్కి తిరిగిపోయేంత. ఫార్ములా ఈ కారుకి ఇలాంటి చోటు ప్రాణం. ఆ ఏడాది నడిచిన జెన్3 (మూడో తరం) కారులో వెనక చక్రాల మోటారు 350 కిలోవాట్లు, ముందు చక్రాల మోటారు 250. ముందుది బండిని లాగదు, బ్రేక్ వేసినప్పుడు కరెంటు వెనక్కి పట్టడానికే. రెండూ కలిపి 600 కిలోవాట్ల దాకా వెనక్కి తీసుకోగలవు. వెనక చక్రాలకు మామూలు డిస్క్ బ్రేకులే లేవు, అంతా మోటారే ఆపాలి. అంటే హెయిర్‌పిన్ దగ్గర డ్రైవరు చేసేది రెండు పనులు: కారును ఆపడం, బ్యాటరీని నింపడం. ఆలస్యంగా బ్రేక్ వేస్తే ఒక స్థానం దొరకొచ్చు, కానీ కరెంటు పోగొట్టుకోవచ్చు. పెట్రోలు కారుకు ఈ లెక్క ఉండదు.

ఆ లెక్క తప్పినప్పుడు ఏమవుతుందో కూడా అక్కడే కనిపించింది. పోల్ పొజిషన్‌లో, అంటే అందరికంటే ముందు నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ని అతని జాగ్వార్ జట్టులోనే ఉన్న శామ్ బర్డ్ మూడో మలుపులో గుద్దాడు. ఒకే జట్టు రెండు కార్లూ రేసు నుంచి పోయాయి. పక్కనున్న సీట్లలో వాళ్లంతా లేచి నిలబడ్డారు. 33 ల్యాపుల తర్వాత జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. చివరి ల్యాపుల్లో వెనకాల నిక్ క్యాసిడీ దగ్గర కరెంటు ఎక్కువ మిగిలి ఉన్నా, వెర్న్ దారి ఇవ్వలేదు. ఎక్కడ మూసేయాలో, ఎక్కడ ఆదా చేయాలో తెలిసిన నడక అది. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి అనుమతించినదానికన్నా ఎక్కువ పవర్ వాడినందుకు పెనాల్టీ పడింది, దాంతో ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకి వెళ్లింది.

2024 ఫిబ్రవరి 10న మళ్లీ జరగాల్సింది, జనవరిలో రద్దయింది. గోడలు పోయాయి, రోడ్డు మళ్లీ రోడ్డయింది. నాకు బాధ అక్కడే. పసుపు జెండా గారు చెప్పిన ఇరుంగాట్టుకోట్టైలో 1990లో తెరిచిన ట్రాక్ మీద ఇప్పటికీ కుర్రాళ్లు తిరుగుతున్నారు. మా ఊరి ట్రాక్ ఒక శనివారం ప్రపంచమంతా టీవీలో చూసింది, మా ఊరి పిల్లలెవరూ దాని మీద నేర్చుకోలేకపోయారు. చెన్నైలో కూడా ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల, 19 మలుపుల వీధి ట్రాక్ మీద 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న రాత్రి రేసు జరిగింది. మంచిదే. కానీ వాళ్లకు వెనక పక్కా ట్రాక్ ఉంది, క్లబ్బు ఉంది, మార్షళ్లున్నారు. వీధి రేసు పైన పెట్టుకునే కిరీటంలాంటిది, కింద తల ఉండాలి కదా.

పసుపు_జెండా:

సాగర్ గట్టు మేడమ్, మూడో మలుపు గురించి బాగా రాశారు. ఆ రెండు పనుల లెక్క నాకు ఇప్పుడే సరిగ్గా అర్థమైంది.

తమ్ముడూ, జెండాలు. మలుపు దగ్గర పోస్టులో ఇద్దరు కీలకం. నీలం జెండా పట్టుకున్నవాడు వచ్చే కార్ల వైపు చూస్తాడు. వెనక వేగంగా వచ్చేవాడు ఉంటే ముందువాడికి చూపిస్తాడు. పసుపు జెండా వాడు దానికి వ్యతిరేకంగా, కార్లు వెళ్లిపోయే వైపు చూస్తాడు. అంటే వచ్చే కార్లకు వీపు పెట్టి నిలబడాలి. తన ముందున్న రోడ్డు ముక్కలో ఎవరైనా తిరగబడితే, వెనక వచ్చేవాళ్లకు తనే చెప్పాలి: ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయొద్దు, ఆపడానికి సిద్ధంగా ఉండు అని. వీపు వెనక నుంచి మోత దూసుకొస్తుంటే తిరిగి చూడకుండా ఉండటం అలవాటు కావాలి. నీ వీపును నీ జోడీ మార్షల్ చూసుకుంటాడన్న నమ్మకం మీద నడుస్తుంది ఆ పని. పసుపు మీద ఎరుపు గీతలున్న జెండా అంటే నేల జారుతోంది, నూనో నీళ్లో ఉన్నాయి. నల్ల జెండాలో నారింజ చుక్క అంటే నీ కారులో లోపం ఉంది, పిట్‌లోకి రా. ఎర్ర జెండా అంటే సెషన్ ఆగిపోయింది. ఈ ఐదూ తెలిస్తే రేసు చూడటం వేరేగా ఉంటుంది.

నువ్వు ఎక్కడ నిలబడాలి అన్నదానికి వస్తాను. ఒకే మలుపు ఎంచుకో. నిన్ను ఎక్కడ దాకా రానిస్తారో ఆ రోజు సిబ్బంది చెప్తారు, ఆ గీత దాటకు. ఆ మలుపులో ఆ రోజంతా జరిగే అన్ని తరగతులనూ చూడు. ముందుచక్రాల డ్రైవ్ ఉన్న సెలూన్ కార్లు వచ్చినప్పుడు లోపలి వెనక చక్రం చూడు, కొన్నింటికి నేల వదిలి గాలిలోకి లేస్తుంది. వెనక యాంటీ-రోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) గట్టిగా పెట్టి, ముందు చక్రాలకు పట్టు మిగుల్చుకుంటున్నారన్నమాట. ఫార్ములా కార్లు వచ్చినప్పుడు బాడీ వైపు చూడకు, అది పెద్దగా ఒరగదు. కెర్బు ఎక్కినప్పుడు చక్రం ఎంత తొందరగా నేలకు తిరిగొస్తుందో చూడు. ఒక్కసారి ఎగిరి కూర్చుంటే డ్యాంపర్ (స్ప్రింగు ఊపును అణిచేది) సరిగ్గా ఉంది. రెండు మూడు సార్లు ఊగితే లేదు. బైకులు వచ్చినప్పుడు బ్రేక్ వదిలే క్షణం పట్టుకో, ముందు ఫోర్కు లేవడం, బండి వాలడం ఎంత మెల్లగా కలుస్తాయో చూడు.

ఒక హెచ్చరిక. ఇక్కడ చూసింది తీసుకెళ్లి మీ కారులో అలాగే పెట్టకండి. ఇక్కడ ఫార్ములా కారు ల్యాపు సుమారు నిమిషంన్నర, సగటు వేగం గంటకు 150 కిలోమీటర్ల చేరువలో. మీ పోటీలో కోన్లు పెట్టి గీసే దారిలో హెయిర్‌పిన్ బయటి వ్యాసం 9 మీటర్ల దాకా చిన్నది కావచ్చు. అంత ఇరుకులో స్టీరింగ్ ఎంత కోణం తిరుగుతుంది, తిరిగినప్పుడు లోపలి చక్రం, బయటి చక్రం దేని దారి అది పట్టుకుంటాయా అన్నదే మొదటి ప్రశ్న. అది తేలాకే స్ప్రింగుల గొడవ పెట్టుకోండి.

రావడం: నెల్లూరు నుంచి కారులో వస్తే షోలవరం దాటాక, రెడ్‌హిల్స్ లోపలికి పోకుండా మీంజూరు–వండలూరు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కు. నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే మీద దిగి శ్రీపెరంబుదూరు వైపు తిరుగు. అంటే తాతయ్యకి దారిలోనే షోలవరం కూడా చూపించొచ్చు. రైల్లో వస్తే సెంట్రల్ నుంచి పూందమల్లి చేరుకుని, అక్కడ కాంచీపురం వైపు వెళ్లే బస్సు పట్టుకో. తేదీలు క్లబ్బు ప్రకటించాకే టికెట్లు తీసుకోండి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కార్యక్రమాన్ని అటూ ఇటూ చేస్తాయి. తాతయ్యకి టోపీ, నీళ్లు, నీడలో కూర్చునే చోటు ముందే చూసుకో. చెవుల్లో పెట్టుకునే దూది కూడా తెచ్చుకోండి. గూడూరు పెద్దాయన మామయ్యలా తాతయ్య కూడా మోతను బట్టి గేరు చెప్పగలరేమో చూడటానికి మాత్రం, మొదటి రెండు ల్యాపులు దూది లేకుండానే వినమను.

గూడూరు_జావా:

తేదీ తేలినాక ఈడ రాయి అబ్బయ్యా. నేనూ వస్తా. గూడూరులో ఆపితే చాలు, ముగ్గురం కలిసే పోదాం.